జాతర వేషంలో వచ్చిన భర్త

ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన నర్సమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చిపోతూ ఉంటారు. కాఫీ తాగుతూ, "అమ్మా, మీ సర్వీసులో మీకు బాగా తృప్తినిచ్చిన కేసు ఏది?" అని అడుగుతారు. వాళ్ళు ఎదురుచూసేది ఏదో కాన్పు కథ. జోరువాన, కరెంటు లేని ఇల్లు, అడ్డం తిరిగిన బిడ్డ, అలాంటిది. అలాంటివీ ఉన్నాయి, లేవనను. కానీ ఆ ప్రశ్న వినగానే నా మనసు పోయేది ఒక మండుటెండ పూటకి. తిరుపతిలో గంగమ్మ జాతర నడుస్తున్న రోజు. మా ఆరోగ్య కేంద్రం వరండాలో, ఆడవాళ్ళ బెంచీ మీద, పట్టుచీర కట్టుకొని తలొంచుకొని కూర్చున్న ఒక లారీ డ్రైవరు.

ఆ అమ్మాయిలకు నోటితో చెప్పినదాన్నే ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఇంకా ఎవరైనా చదువుతారేమోనని ఆశ.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా నాయన నాకు ఇంట్లోనే చదువు చెప్పారు. పొద్దున పూజ అయ్యాక ఎదురుగా కూర్చోబెట్టుకొని అక్షరాలు, లెక్కలు, భూగోళం అన్నీ ఆయనే నేర్పారు. పదో తరగతి పరీక్ష మాత్రం బయటినుంచి కట్టి రాశాను. ఆ తర్వాత నర్సు శిక్షణ. చదువు కష్టమనిపించలేదు, మాటలే కష్టమయ్యాయి. నాలుగు గోడల మధ్య పెరిగినదాన్ని. శరీరంలో కొన్ని భాగాల పేర్లు నోట పలకాలంటే చెమట పట్టేది. ఉద్యోగంలో చేరాక రోజూ బయలుదేరే ముందు దీపం దగ్గర నిలబడి, "ఈ రోజు నా నోటికి సిగ్గు అడ్డం రాకుండా చూడు తల్లీ" అని అడుక్కునేదాన్ని. తల్లి చాలా రోజులు చూసింది. కొన్ని రోజులు నన్నే చూసుకొమ్మంది.

మా కేంద్రం పాత ఊళ్ళో ఉండేది. మధ్యలో వరండా. దానికి ఒక పక్క నా గది. బిడ్డకూ బిడ్డకూ ఎడం కావాలన్నవాళ్ళు, ఇక పిల్లలు చాలనుకున్నవాళ్ళు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. మాత్రలు, కాపర్-టీ, నిరోధ్‌లు నా సరుకు. ఎదుటి పక్క ఇంకో గది. తెల్లబట్ట, మంట, పుండ్లు, కలయిక వల్ల అంటుకొనే జబ్బులన్నీ ఆ గదివి. బోర్డు మీద ఏదో మర్యాదైన పేరే రాసి ఉండేది గానీ జనం దాన్ని ఎన్నడూ పలకలేదు. "ఆ గది" అనేవాళ్ళు. ఆ గుమ్మం తొక్కిన ఆడమనిషిని బెంచీ మీద ఉన్నవాళ్ళు మెడ తిప్పి మరీ చూసేవాళ్ళు.

ఆ గదిలో కౌన్సెలరు చిత్తూరు అవతల, తమిళ సరిహద్దులో పుట్టి పెరిగిన పిల్ల. నాకంటే చాలా చిన్నది. నేను గుటకలు మింగి మింగి అనే మాటల్ని ఇడ్లీ, చట్నీ అన్నంత తేలిగ్గా అనేసేది.

"సూడక్కా, నువ్వు దేవుడి గదిలో ఉన్నట్టు మాట్లాడతావు. నేను సంతలో ఉన్నట్టు మాట్లాడతా. ఇద్దర్నీ కలిపి ఒగ నర్సును చేసింటే గవర్మెంటుకు ఒగ జీతం మిగిలుండు" అని నవ్వేది.

మా ఇద్దరి మీదా డాక్టరమ్మ. మాట తక్కువ మనిషి. విన్నదాన్ని ఒక రోజంతా లోపల తిప్పుకొని, మరుసటి రోజు నిర్ణయం చెప్పేది.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఒక అమ్మాయి నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. పుట్టిల్లు వడమాలపేట, అత్తవారిల్లు మా కేంద్రానికి నాలుగు సందుల అవతల. ఇంట్లోనే పూలు కట్టి, తిరుచానూరులో గుడి ముందర అమ్మేవాళ్ళకు ఇచ్చేది. చంకలో ఏడాది నిండని మగబిడ్డ. పెద్దాపరేషన్ చేసి తీసిన బిడ్డ. కాన్పులో రక్తం బాగా పోయి, తల్లి చావు తప్పి బయటపడింది. కుట్లు పడిన గర్భసంచి గట్టిపడకముందే మళ్ళీ నెల తప్పితే ఈసారి ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచి ఆ పిల్ల కళ్ళలో బెదురు పోలేదు.

మాత్రలిస్తే కక్కుకునేది. కక్కుకోని రోజున పూల హడావిడిలో పడి మరిచిపోయేది. సరే, కాపర్-టీ వేద్దామని డాక్టరమ్మ పరీక్ష చేస్తే లోపల చీము కనిపించింది. ముందు అది తగ్గాలని ఎదుటి గదికి పంపింది. అక్కడ మందులిచ్చారు. తగ్గింది. కాపర్-టీకి రమ్మన్న రోజుకు మళ్ళీ మంట, మళ్ళీ చీము. భర్త లారీ డ్రైవరు. నాయుడుపేట ఫ్యాక్టరీల దగ్గర సరుకు ఎత్తుకొని ఎక్కడెక్కడికో పోయేవాడు. ఆయన ఇంటికి వచ్చి వెళ్ళిన ప్రతిసారీ జబ్బు వెనక్కి వచ్చేది.

అలా తిరిగి తిరిగి ఒకరోజు వచ్చి, నా బల్ల అంచు పట్టుకొని, పక్కవాళ్ళకు వినపడకుండా అంది.

"అమ్మా, నేనేం పాపం జేసినా? మందు మింగేదీ నేనే, మంట పడేదీ నేనే. ఈ నెల తేదీ గూడా దాటిపొయింది. నేను సచ్చిపోతే ఈ బిడ్డను ఎవురు సాకుతారు?"

వెంటనే పరీక్ష చేశాం. గర్భం లేదు. ఆ పిల్ల అక్కడే నేలమీద కూర్చొని, బిడ్డను గుండెకు అదుముకొని ఏడ్చింది. నేను గోడ మీది అమ్మవారి పటానికి మొక్కి, ఆమెకు మంచినీళ్ళు ఇచ్చాను.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ కౌన్సెలర్ని అడిగాను. "ఆ పూలమ్మాయికి నిరోధ్ సంగతి చెప్పావు కదా?"

ఆ పిల్ల గ్లాసు కింద పెట్టింది. "నేనా? అది నీ సరుకు గదక్కా. పిల్లలొద్దని నీ దగ్గరికి వచ్చే మనిషి, నువ్వే చెప్పింటావనుకుంటి."

"మాత్రల మీద ఉంది కదా అని నేను ఎత్తలేదు. జబ్బు సంగతి నీ గదిలో చూసుకుంటారని..."

మరుసటి రోజు ఆ అమ్మాయినే అడిగాం, కౌన్సెలరు బల్ల మీద డబ్బా నిండా నిరోధ్‌లు ఉంటాయి కదా, ఎందుకు తీసుకోలేదని. ఆమె మా అమాయకత్వానికి జాలిపడినట్టు చూసింది.

"నర్సమ్మ గదిలో ఇచ్చేది బిడ్డలొద్దనే వాళ్ళకి. నాకు మాత్రలుండాయి గదా. ఈ గదిలో పెట్టింది అట్లాంటి ఆడోళ్ళకి. నేను అట్లాంటిదాన్నా అమ్మా?"

చూశారా! ఉన్నది ఒకే ఆడమనిషి. ఆమెకున్న భయాలు రెండు. ఒక భయాన్ని ఒక గదిలో, ఇంకో భయాన్ని ఇంకో గదిలో పెట్టి, ఆమెను మధ్యలో వరండాలో నిలబెట్టాం. రెండు భయాలకూ ఒకేసారి అడ్డం నిలిచే వస్తువు రెండు గదుల్లోనూ ఉంది. ఏ గదిలోనూ ఆమె చేతికి అందలేదు.

డాక్టరమ్మకు చెప్పాం. ఎప్పటిలాగే ఒక రోజు తీసుకుంది. తర్వాత ఇద్దర్నీ పిలిచి, "ఇకమీదట ఏ గదిలో కూర్చున్న ఆడమనిషితోనైనా రెండు సంగతులూ మాట్లాడండి. బిడ్డ సంగతీ, జబ్బు సంగతీ. ఒకే విడతలో. ఇక ఈ అమ్మాయికి మందు ఎన్నిసార్లిచ్చినా లాభం లేదు. భర్తకూ పడాలి, ఇద్దరికీ ఒకేసారి పడాలి. ఆయన్ని రప్పించండి" అంది.

చెప్పడానికి బాగానే ఉంది. రప్పించడం ఎలా?

"ఆయనా? ఈ గదికా?" ఆ అమ్మాయి నోరు నొక్కుకుంది. "ఆయన మంచోడేనమ్మా. నన్నొగ మాట అనడు. కానీ నిరోధ్ మాట నేనెత్తితే, ఇది నీకెవుడు నేర్పిచ్చినాడు అనడా? పోనీ, ఆయన మీద అనుమానంతో అడుగుతుండానని అనుకోడా? ఎట్ల జెప్పినా కాపురం చెడేదే. అయినా ఆయన ఇంట్లో ఉండేదెప్పుడు? వస్తాడు, తింటాడు, పండుకుంటాడు, తెల్లారేసరికి బండి కాడికి పోతాడు."

ఆ సాయంత్రం ఇంటికి పోతూ ఉంటే దారిలో వేపాకు తోరణాలు కడుతున్నారు. జాతరకు చాటింపు పడబోతోంది. తిరుపతివాళ్ళకు చెప్పనక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊళ్ళోవాళ్ళు రాత్రిపూట పొలిమేర దాటి ఉండకూడదు. ఎంత పెద్ద పని ఉన్నా చీకటి పడే వేళకు ఊళ్ళోకి వచ్చేయాలి. దూరాలు పోయే డ్రైవర్లయితే ఆ వారం బండి కదిలించరు.

నడుస్తున్నదాన్ని అలాగే ఆగిపోయాను. ఏడాదిలో ఈ ఊరి డ్రైవర్లందరూ ఇంటిపట్టున ఉండే వారం ఇదొక్కటే. పైగా మొక్కున్న ఇళ్ళల్లో మగవాళ్ళు ఆ రోజుల్లో నిష్ఠగా ఉంటారు, భార్య దగ్గరికి పోరు. మందు వాడేటప్పుడు మేం ఉండమని బతిమాలేదీ అదే!

పొద్దున్నే చెబితే కౌన్సెలరు చప్పట్లు కొట్టింది. "లారీలన్నీ కట్టేసిన ఎద్దుల మాదిరి ఈడే ఉంటాయి గదక్కా! ఇన్నేండ్లూ మనకు తట్టలేదే!"

అంతవరకు జాతర వారంలో ఎవరూ రారని మా కేంద్రం సగం మూసినట్టే ఉండేది. "మీరిద్దరూ ఉంటామంటే నేనూ ఉంటాను" అంది డాక్టరమ్మ.

ఆ రాత్రి నాకు ఒక సందేహం పట్టుకుంది. అమ్మవారి వారంలో, అమ్మవారి పేరు చెప్పుకొని, ఇలాంటి మాటలు మాట్లాడవచ్చా? మా నాయన చెప్పిన కథ గుర్తుకొచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళను చెరిచే పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ తల్లి రోజుకొక వేషం కట్టి ఊరంతా వెతికింది. అంటే ఈ జాతర మొదలైందే ఆడదాని ఒంటిని కాపాడటానికి. ఇక నేను భయపడేదేముంది? నిశ్చింతగా నిద్రపోయాను.

చాటింపు పడిన తర్వాత పసిబిడ్డను చూసే నెపంతో వాళ్ళింటికి వెళ్ళాను. "నువ్వే చెప్పమ్మా, నా నోట రాదు" అని ఆ అమ్మాయి ముందే ఒప్పుకుంది. డ్రైవరు నడవలో కూర్చొని బిడ్డకు నూనె రాస్తున్నాడు. మొరటు చేతులు, రాయడం మాత్రం ఎంతో మెత్తగా. "రాండి సిస్టరమ్మా" అని పీట వేశాడు. లోపల అత్తగారు ఎర్రటి రవికకు కుట్లు విప్పుతోంది. కోడలు కాన్పులో బతికి బట్టకడితే కొడుకు చేత ఆడవేషం కట్టిస్తానని ఆమె మొక్కు. ఆ రవిక ఆయన ఛాతీకి పట్టాలి కదా.

ఆయన్ని పెరట్లోకి పిలిచి, మెల్లగా సంగతి చెప్పాను. ఆయన మొహం ముడుచుకుంది.

"నాకేం జబ్బు సిస్టరమ్మా? బండ మాదిరి ఉండా."

"మగవాళ్ళకు చాలాసార్లు బయటికి ఏమీ కనిపించదు నాయనా. ఉన్నా తెలియదు. ఆమెకు తగ్గాలంటే ఇద్దరూ ఒకేసారి మందు మింగాలి. ఒక్కసారి కేంద్రానికి రా."

"ఆ గదికా? నన్ను ఆ వరండాలో ఎవుడన్నా సూస్తే సాయంత్రానికి లారీ స్టాండంతా తెలిసిపోతాది. నాకు పేరు పెట్టేస్తారు. ఆ పేరు నా కొడుకు పెండ్లి దాకా పోదు. నేను రాను సిస్టరమ్మా, మీరు ఇంకేం జెప్పమన్నా వింటా."

నేను తిరిగి బయలుదేరాను. సందు మలుపులో వెనకనుంచి, "నర్సమ్మా, రొంత నిలబడు" అని అత్తగారి పిలుపు. రవిక ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"కోడలుపిల్లకు ఉండేది అంటుకునే జబ్బు గదా?"

"అది నేను చెప్పకూడదమ్మా."

"నువ్వు జెప్పాల్సిన పన్లేదు. నేనూ డ్రైవరు పెండ్లాన్నే. ఆ మంట ఎట్లుంటాదో నాకు తెల్సు. మా కాలంలో అది ఆడదాని రాత అనుకుంటిమి. పిల్లలు కాకుండా ఆపరేషన్ జేసుకుంటే ఇదీ పోతాదనుకున్యా. పోలే. ఎవురూ జెప్పలే నాకు." ఆమె రవికను మడిచి చంకన పెట్టుకుంది. "వాడెట్ల రాడో నేను సూస్తా. నువ్వు ఆ మందులు సిద్ధంగా పెట్టుకో."

ఆడవేషాలు కట్టడం మొదలయ్యే రోజు రానే వచ్చింది. ఊరంతా డప్పులు, పసుపు, వేపాకు. మగవాళ్ళు పట్టుచీరలు కట్టి, సవరాలు పెట్టి, నగలు వేసుకొని గుడివైపు సాగిపోతున్నారు. మా వరండాలో మామూలుగా వచ్చే ఆడవాళ్ళే కొద్దిమంది ఉన్నారు. పదకొండు దాటుతుండగా గేటు తోసుకొని నలుగురు వచ్చారు. ముందు అత్తగారు, వెనక బిడ్డను ఎత్తుకున్న కోడలు, వాళ్ళ వెనక నెమలికంఠం రంగు పట్టుచీరలో, చెవులకు జుంకాలు, తలనిండా కనకాంబరాలతో, పొడవాటి ఒక 'ఆడమనిషి'.

అత్తగారు ఆయన చెయ్యి పట్టుకొని ఆడవాళ్ళ బెంచీ మీద కూర్చోబెట్టింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను. గుడికి పోతూ పోతూ ఫ్యాను గాలికి కూర్చున్న వేషం అనుకున్నారు బెంచీ మీది ఆడవాళ్ళు. జాతర రోజుల్లో వేషం కట్టినవాళ్ళతో ఎంత సరసమాడినా తప్పు లేదు. ఇక వాళ్ళ నోళ్ళకు అడ్డేముంది?

"ఏమక్కా, ఎన్నో నెల?" అంది ఒకామె.

"కడుపు ఇంకా కనపల్లేదే, గడ్డం మాత్రం బాగా పెరిగుండాది!" అంది ఇంకొకామె.

"మీ ఆయన తోడు రాలేదా? అట్లే ఉంటారమ్మా ఈ మగోళ్ళు. కడుపు జేసేదానికి ముందుంటారు, ఆస్పత్రికంటే బండి రిపేరీ అంటారు."

బెంచీ అంతా ఘొల్లుమంది. ఆయన చీర కొంగు మొహం మీదికి లాక్కున్నాడు. అత్తగారు గంభీరంగా, "గమ్మునుండండే! మా అక్క కూతురు. శానా సిగ్గరి" అంది. ఇంతలో ఒక ముసలామె వచ్చి, వేషం కట్టిన మనిషి అమ్మవారితో సమానమని ఆయన కాళ్ళకు దండం పెట్టి, "సల్లంగ సూడు తల్లీ" అని పోయింది. ఆయన బిత్తరపోయి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

పేరు పిలవలేదు. "లోపలికి రామ్మా" అన్నాను అంతే. భార్య లేచింది, ఆమె వెనకే ఆయన. ఒక్కరు కూడా మెడ తిప్పి చూడలేదు. చూసినా ఎవరో పోల్చుకోలేరు. కౌన్సెలరు తన సంచీ ఎత్తుకొని నా గదిలోకే వచ్చేసింది. అంతవరకు జనం భయపడిన 'ఆ గది' ఆ రోజు లేచి నా గదిలోకి వచ్చిందన్నమాట.

తలుపు వేశాం. ఆయన నా ఎదురుగా నిలబడ్డాడు. నొసట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు. ఎదురుగా ఉన్నది డ్రైవరని తెలుసు. కానీ రూపం తల్లిది. ఆ రూపం ముందు నిరోధ్ పట్టుకొని నేను ఏం మాట్లాడాలి? కౌన్సెలరు నావైపు చూస్తోంది. నేను కాసేపు కళ్ళు మూసుకున్నాను. తెరిచాక, "కూర్చో తల్లీ" అన్నాను. మొక్కుతూ అన్న మాట అది. ఆ మాటకు ఆయన బిగబట్టిన భుజాలు కిందికి దిగాయి. కూర్చున్నాడు.

ఆ తర్వాత నా మాట ఎక్కడా తడబడలేదు. జబ్బు ఎలా అంటుకుంటుందో, కనిపించకుండా ఎలా ఉంటుందో, ఒక్కరికే మందు వేస్తే మళ్ళీ ఎలా తిరిగివస్తుందో చెప్పాను. మళ్ళీ గర్భం వస్తే ఆమెకు ఏమవుతుందో కూడా చెప్పాను. ఆ మాట దగ్గర ఆయన గాజుల చప్పుడు ఆగిపోయింది.

"ఇది యాణ్ణుంచి వచ్చిందని మీరు అడుగుతారా?" అన్నాడు నేల చూస్తూ.

"అడగం. అది మా పని కాదు. ఇక మీ ఇంటికి రాకుండా చూడటమే మా పని."

కౌన్సెలరు నిరోధ్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది పిల్లలు వద్దనుకునే దానికి గదా?" అన్నాడాయన.

"దానికీ, దీనికీ. ఒగటే వస్తువు, రెండు కావళ్ళు కాస్తాది" అంది కౌన్సెలరు. "మాత్రలూ, కాపర్-టీ బిడ్డను ఆపుతాయి, జబ్బును ఆపవు. జబ్బును ఆపేది ఇదే. అప్పుడొగటి ఇప్పుడొగటి కాదు, ప్రతిసారీ వాడల్ల."

అంతసేపూ గోడకు ఆనుకొని నిలబడిన ఆ అమ్మాయి అప్పుడు ముందుకు వచ్చి భర్తతో అంది. "నేను అడుగుదామనే అనుకుంటి. అడిగితే నువ్వేమనుకుంటావో అని గమ్మునుంటి."

ఆయన తలెత్తాడు. కాటుక చెదిరి చెంప మీదికి వచ్చింది. "నేనొగసారి కొన్యా మే. బండ్లోనే పెట్టుకున్యా. ఇంటికి తెస్తే నువ్వేమనుకుంటావో అని ఆడనే పారేసినా."

ఒకే మంచం మీద పడుకొనే ఇద్దరు మనుషులు ఒకే మాటకు భయపడి, ఎవరికి వారు దాచుకున్నారు. వాళ్ళ మధ్య కోపం లేదు, ద్వేషం లేదు. ఒక మాట మొదలుపెట్టేవాళ్ళే లేరు.

కొయ్య నమూనా తీసి ఎలా తొడగాలో చూపించాం. ఆయన్ని కూడా చేసి చూపించమన్నాం. కనకాంబరాల దండ కన్ను మీదికి జారిపోతోంది. గాజులు గలగలమంటున్నాయి. "గాజులు రొంత వెనక్కి తొయ్ అక్కా, తగిలితే చిరిగిపోతాది" అంది కౌన్సెలరు. ఆ మాటకు ముందు ఆ అమ్మాయి నవ్వింది. నెలల తరబడి మా దగ్గరికి వచ్చిన మనిషి. ఆమె నవ్వు నేను వినడం అదే మొదలు. తర్వాత ఆయన నవ్వాడు. ఇక నేనూ ఆగలేకపోయాను.

డాక్టరమ్మ ఇద్దర్నీ పరీక్ష చేసింది. గాజులు పైకి తోసి రక్తం తీశాం. ఇద్దరూ ఒకేసారి మాత్రలు నోట్లో వేసుకొని, ఒకే చెంబులో నీళ్ళు తాగారు. మిగతా మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాం. పెళ్ళిలో తాళి కట్టించే పురోహితుడికి కలిగే తృప్తి ఏమిటో నాకు తెలియదు గానీ, ఆ చెంబు చేతులు మారడం చూసినప్పుడు నాకు కలిగింది మాత్రం దానికి తక్కువైనది కాదు.

బయటికి వచ్చాక అత్తగారు కొడుకును కింది నుంచి పైదాకా చూసి, పైట సర్ది, "పద, తల్లికి దండం పెట్టుకుందాం" అంది. డప్పుల మధ్యలోకి వాళ్ళు కలిసిపోయారు.

నేను అంతటితో అయిపోయిందనుకున్నాను. మరుసటి రోజు గేటు దగ్గర ఇంకో చీర కనిపించింది. ముదురు ఆకుపచ్చ. పక్కన భార్య. ఆ వెనక ఇంకొకటి. మా డ్రైవరు ఎవరి చెవిలో ఏమి ఊదాడో గానీ, స్టాండులో అతని స్నేహితులు ఒక్కొక్కరే వేషం కట్టి, భార్యల్ని వెంటబెట్టుకొని వచ్చారు. డాక్టరమ్మ వరండాలోకి తొంగిచూసి, "వీళ్ళలో ఆడవాళ్ళెవరు, మగవాళ్ళెవరు?" అని అడిగింది.

"మీసం గొరిగిన గుర్తు సూడండి మేడమ్" అంది కౌన్సెలరు.

జీవితంలో మొదటిసారి మా డాక్టరమ్మ బయటికి వినపడేలా నవ్వింది.

అందరు మొగుళ్ళూ చీర కట్టుకొని రాలేదు లెండి. ఎంత చెప్పినా కదలనివాళ్ళు ఉన్నారు, భార్య తెచ్చిన పొట్లాన్ని వీధిలోకి విసిరినవాళ్ళూ ఉన్నారు. ఆ ఇళ్ళకు మేం ఏళ్ళ తరబడి తిరిగాం. కానీ ఆ వారం తర్వాత మా రెండు గదులూ మళ్ళీ రెండు కాలేదు. మరుసటి ఏడు ఎండలు ముదరక ముందే డాక్టరమ్మే అడిగింది, "చాటింపు ఎప్పుడమ్మా? మందులు తెప్పించుకోవాలి కదా" అని.

అమ్మాయిలూ, మీరు చదివిన చదువులో నేను సగం కూడా చదవలేదు. ఒక్కటి మాత్రం చెబుతాను. మీ ముందు కూర్చున్న ఆడమనిషి ఏ సంగతి కోసం వచ్చినా, రెండో సంగతి కూడా ఆమె వెంటే వచ్చి ఉంటుంది. దాన్ని మీరే అడగండి. ఆమె అడగదు. ఇంకా, మీ ఊరివాళ్ళకు ఏ రోజు పండుగో, ఏ రోజు మగవాళ్ళు ఇంట్లో ఉంటారో తెలుసుకోండి. అది ఏ శిక్షణలోనూ చెప్పరు.

ఆ పూలమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. భర్త రక్తపరీక్షలో భయపడాల్సిందేమీ రాలేదు. మందుల తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తే ఆమెకు చీము లేదు, మంట లేదు. ఆయన రెండు మూడు ట్రిప్పులు తిరిగి వచ్చాక కూడా జబ్బు మళ్ళీ రాలేదు. డాక్టరమ్మ కాపర్-టీ వేసింది. ఇక మళ్ళీ ఎప్పుడు కనాలన్నది ఆ పిల్ల ఇష్టం. నేను ఇంటికి పోయి దీపం పెట్టి, తల్లికి దండం పెట్టుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున వరండా కిటకిటలాడుతోంది. ఆమె పూలబుట్టతో, తొందరలో, గేటు దగ్గరినుంచే కేక వేసింది.

"అమ్మా, ఒగ పొట్లం నిరోధ్ ఇయ్యి! మా ఆయన ఈ పూట వస్తాడు."

బెంచీ మీది మెడలన్నీ ఆమె వైపు తిరిగాయి. బెంచీ మీద ఉన్న ఒక పెద్దావిడ ఆమెను పట్టుకొని అడిగింది. "నీకు కాపర్-టీ ఏసినారు గదే? మళ్ళీ ఇదెందుకు?"

ఆ అమ్మాయి బుట్ట దించింది. ఒకప్పుడు నా బల్ల అంచు పట్టుకొని గుసగుసలాడిన పిల్ల, ఇప్పుడు పూలు బేరం చేసే గొంతుతో అందరికీ వినపడేలా చెప్పింది.

"కాపర్-టీ బిడ్డ కోసరం అత్తా. ఇది జబ్బు కోసరం. ఒగటి ఏసుకుంటే ఇంకొగటి అక్కర్లేదని ఎవురు జెప్పినారు? రోడ్డు మీద తిరిగే మనిషి, నా ఒళ్ళు నేను కాపాడుకోవద్దా?"

పెద్దావిడ చుట్టూ చూసింది. తర్వాత లేచి, కొంగు సర్దుకుంటూ నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"నాకు ఆపరేషన్ అయ్యి శానా ఏండ్లాయె నర్సమ్మా" అంది. "అయినా ఒగ పొట్లం ఇయ్యి."

ఆమె వెనక ఇంకో ఇద్దరు లేచి నిలబడ్డారు.